యేసు అనే మనిషి ఉన్నాడా? ఒక హేతువాది సమాధానం

నేను దేవుణ్ణి నమ్మను. కన్య గర్భం దాల్చిందనీ, చనిపోయినవాడు మూడో రోజున లేచాడనీ చెప్పే మాటలను చరిత్రగా అంగీకరించను. అయినా గలిలయలోని నజరేతు అనే పల్లె నుంచి వచ్చిన యేసు అనే యూదు బోధకుడు మొదటి శతాబ్దంలో నిజంగా జీవించాడనీ, పొంతి పిలాతు అధికారంలో ఉండగా యెరూషలేములో సిలువ మీద చనిపోయాడనీ గట్టిగా భావిస్తున్నాను. తెలుగు హేతువాద వర్గాలలో ఈ మాట అంటే కొందరు మిత్రులు నొచ్చుకుంటారు. యేసు ఉనికిని ఒప్పుకుంటే మతానికి సగం దారి విడిచినట్లేనని వారి భయం. ఆ భయం అక్కరలేదనీ, యేసును కల్పితుడనే వాదం నిలబడాలంటే మిగతా చరిత్ర అంతటికీ మనం వాడే కొలతలను ఈ ఒక్కచోట పక్కన పెట్టవలసి వస్తుందనీ చూపించాలన్నదే నా ప్రయత్నం.

ఈ వాదం కొత్తది కాదు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో వోల్నీ, డ్యుపుయీ అనే ఇద్దరు రచయితలు యేసు కథను సూర్యారాధన పురాణంగా వ్యాఖ్యానించారు. పందొమ్మిదవ శతాబ్దంలో జర్మనీలో బ్రూనో బావర్, 1909లో ఆర్థర్ డ్రూస్ దానికి పాండిత్యపు రూపం ఇచ్చారు. చర్చి చేతిలో చదువూ అధికారమూ రెండూ ఉన్న కాలంలో అలా ప్రశ్నించడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఆ తర్వాత వందేళ్లకు పైగా సాగిన పరిశోధనలో క్రైస్తవులు, యూదులు, ఏ మతమూ లేనివారు కూడా పాలుపంచుకున్నారు. వారిలో అత్యధికులు యేసు చారిత్రక వ్యక్తి అనే నిర్ణయానికే వచ్చారు. పండితుల సంఖ్యను బట్టి సత్యం తేలదు కనుక ఆ మాటను ఆధారంగా చూపించను. ఆ నిర్ణయానికి దారితీసిన సాక్ష్యం ఏమిటన్నదే నాకు ముఖ్యం.

ముందుగా, అందరూ అడిగే మౌనం సంగతి చూద్దాం. అంతటి మనిషి ఉంటే ఆనాటి రచయితలు ఎందుకు రాయలేదు, అలెగ్జాండ్రియాలో కూర్చుని యూదుల వ్యవహారాల గురించి విస్తారంగా రాసిన ఫైలో ఆయన పేరైనా ఎందుకు ఎత్తలేదు అని అడుగుతారు. సహేతుకమైన ప్రశ్నే, కానీ 'అంతటి మనిషి' అన్న హోదా తర్వాతి శతాబ్దాలు ఇచ్చినది. క్రీ.శ. 30 ప్రాంతంలో యేసు రోమన్ సామ్రాజ్యపు అంచున ఉన్న ఒక చిన్న ప్రాంతంలో కొంతకాలం తిరిగి బోధించిన పల్లెటూరి మనిషి. ఆయనకు శిక్ష వేసిన పిలాతు సంగతే తీసుకోండి. క్రీ.శ. 26 నుంచి 36 వరకు యూదయను పాలించిన ఆ రోమన్ అధికారి పేరుతో ఒక్క శాసనమైనా 1961 వరకు దొరకలేదు. ఆ సంవత్సరం కైసరయ శిథిలాలలో, పాత నాటకశాల మరమ్మతుకు తిరిగి వాడిన ఒక రాయి మీద ఆయన పేరూ పదవీ కనిపించాయి. పదేళ్లు పాలించిన అధికారి విషయమే ఇలా ఉంటే, ఆయన చంపించినవారిలో ఒకరి పేరు ఆనాటి దస్తావేజులలో దొరకలేదని ఆశ్చర్యపోనక్కరలేదు. క్రీ.పూ. 4లో వారస్ అనే రోమన్ సేనాని సుమారు 2000 మందిని సిలువ వేయించాడని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు, ఒక్కరి పేరూ చెప్పలేదు. సిలువ మేకు దిగిన మడమ ఎముక ఒకటి 1968లో యెరూషలేము దగ్గర సమాధిలో బయటపడింది. ఎముకల పెట్టె మీద యెహోహనాన్ అని పేరుంది. ఆ మనిషిని గురించి ఏ గ్రంథమూ ఒక్క ముక్క చెప్పదు.

జోసీఫసే ఇంకొక యేసును గురించి చెబుతాడు. అననియ కొడుకైన ఈ యేసు ఒక రైతు. క్రీ.శ. 62 ప్రాంతంలో పర్ణశాలల పండుగకు యెరూషలేము వచ్చి, నగరానికీ దేవాలయానికీ నాశనం తప్పదని వీధుల్లో కేకలు పెట్టాడు. పెద్దలు అతణ్ణి పట్టి రోమన్ అధికారికి అప్పగించారు. ఎముకలు బయటపడేలా కొరడాలతో కొట్టించాక, పిచ్చివాడని ఆ అధికారి వదిలేశాడు. ఏళ్ల తరబడి అలాగే అరుస్తూ తిరిగి, చివరికి రోమన్ సైన్యం ముట్టడిలో రాయి తగిలి చనిపోయాడు. జోసీఫస్ రాసిన ఆ కొద్ది పంక్తులు తప్ప అతడికి వేరే సాక్ష్యం ఏదీ లేదు. అతడు కల్పితుడని ఎవరూ వాదించడం లేదు. అటువంటి మనుషులు ఆ దేశంలో ఆ కాలంలో ఉండేవారని మనకు తెలుసు కనుక ఆ సాక్ష్యం చాలుతోంది. నజరేతు యేసు విషయంలో అంతకంటే ఎక్కువ సాక్ష్యం ఉన్నా చాలదనడం ఎందుకో నాకు అర్థం కాదు.

క్రైస్తవ మిత్రులు సాధారణంగా ముందుకు తెచ్చే రెండు సాక్ష్యాలను మాత్రం నేను పెద్దగా వాడుకోను. ఒకటి జోసీఫస్ గ్రంథం పద్దెనిమిదవ భాగంలో ఉన్న ప్రసిద్ధమైన పేరా. అక్కడ యేసు క్రీస్తే అనీ, మూడో రోజున సజీవంగా కనిపించాడనీ ఉంది. జోసీఫస్ కడదాకా యూదుడిగానే ఉన్నాడు, మెస్సీయను (యూదులు ఎదురుచూసిన రాజు, గ్రీకులో క్రీస్తు) గురించిన ప్రవచనాన్ని రోమన్ చక్రవర్తి వెస్పాసియన్‌కు అన్వయించినవాడు. అతడు ఆ మాటలు రాయడం అసాధ్యం. మూడవ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఆరిజెన్ కూడా, జోసీఫస్ యేసును క్రీస్తుగా అంగీకరించలేదనే చెప్పాడు. ఎవరో క్రైస్తవ లేఖకుడు ఆ పేరాలో చెయ్యి పెట్టాడు. చేర్పులు తీసేస్తే అడుగున అసలు వాక్యం మిగులుతుందని చాలామంది పండితులు అంటారు. కావచ్చు, కానీ నా వాదానికి అది అవసరం లేదు. రెండవది, క్రీ.శ. 116 ప్రాంతంలో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిన మాట. క్రీ.శ. 64లో రోము తగలబడినప్పుడు నీరో ఆ నేరాన్ని క్రైస్తవుల మీద మోపాడని చెబుతూ, ఆ పేరుకు మూలమైన క్రీస్తును తిబెరి చక్రవర్తి కాలంలో పిలాతు చంపించాడని రాశాడు. క్రైస్తవులంటే అసహ్యించుకున్నవాడు రాసిన మాట కనుక అది చేర్పు కాదు. అయితే పిలాతు పదవికి తన కాలంలో వాడుకలో ఉన్న పేరునే పెట్టాడు, కైసరయ రాతి మీద ఉన్నది వేరు. కనుక అతడు పాత దస్తావేజులు తిరగేయకుండా తన రోజుల్లో అందరికీ తెలిసిన సంగతినే రాసి ఉండవచ్చు.

నా దృష్టిలో అసలు సాక్ష్యం ఇంకొకచోట ఉంది. తొలి క్రైస్తవ ప్రచారకుడైన పౌలు గలతీయులకు రాసిన ఉత్తరంలో, మొదటి అధ్యాయం చివర, వాదన మధ్యలో దొర్లిన ఒక వాక్యం అది. ఆ ఉత్తరం క్రీ.శ. 50 దాటిన కొద్దికాలానికే, యేసు జీవితకథలైన సువార్తలలో మొదటిది పుట్టకముందే రాసినది. పౌలు పేరు మీద ఉన్న ఉత్తరాలలో కొన్ని ఆయనవి కావని తేల్చిన పండితులు కూడా దీన్ని మాత్రం ఆయనదేనంటారు. తాను విశ్వాసంలోకి వచ్చిన మూడేళ్లకు కేఫాను, అంటే పేతురును, కలుసుకోవడానికి యెరూషలేము వెళ్లి అతడితో పదిహేను రోజులు ఉన్నాననీ, మిగతా అపొస్తలులలో ప్రభువు సహోదరుడైన యాకోబును తప్ప ఎవరినీ చూడలేదనీ పౌలు అంటాడు. ఆ వెంటనే, దేవుని ఎదుట చెబుతున్నాను, అబద్ధమాడడం లేదు అని ఒట్టు పెట్టుకుంటాడు. ఈ ప్రయాణం దాదాపు క్రీ.శ. 30ల చివరి సంగతి. అంటే సిలువ జరిగి పదేళ్లయినా కాకముందు, యేసు ముఖ్య శిష్యుణ్ణీ తోడబుట్టినవాణ్ణీ స్వయంగా కలిసిన మనిషి తన చేతిమీదుగా చెప్పిన మాట మన దగ్గర ఉంది. ప్రాచీన చరిత్రలో ఒక సామాన్యుడి ఉనికికి ఇంత దగ్గరి సాక్ష్యం దొరకడం అరుదు.

ఈ వాక్యం నాకు అంత బలంగా కనిపించడానికి కారణం అది పౌలుకు అనుకూలమైనది కాకపోవడం. ఆ ఉత్తరం అంతటా ఆయన పోరాడుతున్నది ఒక్క సంగతి కోసం: తనకు సువార్త మనుషుల వల్ల రాలేదు, యెరూషలేములోని పెద్దలకు తాను లోబడినవాణ్ణి కాను. తర్వాతి అధ్యాయంలోనే గొడవ బయటపడుతుంది. అంతియొకయలో యూదులు కాని విశ్వాసులతో కలిసి భోజనం చేస్తున్న పేతురు, యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే భయపడి విడిగా కూర్చున్నాడు. అందరి ముందూ అతణ్ణి ముఖం మీదే నిలదీశానని పౌలు రాశాడు. అంటే యాకోబు ఆయనకు ప్రత్యర్థి వర్గపు పెద్ద. యేసును శరీరంతో ఉండగా ఎన్నడూ చూడని పౌలుకు, ఆ యేసు రక్తసంబంధం చెప్పుకోగల ప్రత్యర్థి కంటే పెద్ద చిక్కు ఉండదు. అటువంటి సహోదరుడు లేకపోయి ఉంటే, యేసు ఆకాశంలో మాత్రమే కనిపించిన దైవస్వరూపమే అయితే, ఆ మాట అనడానికి ఈ ఉత్తరం కంటే మంచి చోటు పౌలుకు దొరికేది కాదు. ఆయన మాత్రం ఆ బంధుత్వాన్ని అందరికీ తెలిసిన విషయంగా ఎత్తి, ముందుకు సాగిపోయాడు.

దీనికి యేసు కల్పితుడనేవారు ఇచ్చే జవాబు ఒకటుంది. విశ్వాసులంతా ఒకరినొకరు సహోదరులని పిలుచుకునేవారు కనుక యాకోబు కూడా ఆ అర్థంలోనే సహోదరుడని వారు అంటారు. అదే నిజమైతే అదే చోట పేతురుకు ఆ మాట ఎందుకు వర్తించలేదు? కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం తొమ్మిదవ అధ్యాయంలో, మిగతా అపొస్తలులూ ప్రభువు సహోదరులూ కేఫా కూడా తమ భార్యలను వెంటబెట్టుకుని తిరుగుతున్నారు కదా, నాకు మాత్రం ఆ హక్కు లేదా అని పౌలు అడుగుతాడు. అక్కడ ప్రభువు సహోదరులు అపొస్తలుల నుంచీ పేతురు నుంచీ వేరుగా లెక్కకు వచ్చిన ఒక కుటుంబం. పైగా మరియ నిత్యకన్య అనే నమ్మకం స్థిరపడిన తర్వాత ఈ సహోదరులు చర్చికి ఇబ్బందిగా మారారు. నాలుగవ శతాబ్దం చివర క్రైస్తవ పండితుడు జెరోమ్ వారిని పెదతల్లి, పినతల్లి బిడ్డలుగా చూపించడానికి పూనుకోవలసి వచ్చింది. తర్వాతి చర్చి చెరిపేయాలనుకునే బంధుత్వాన్ని అదే చర్చి కల్పించిందనడం కుదరదు.

ఇదే యాకోబు మరణాన్ని జోసీఫస్ తన గ్రంథం ఇరవయ్యవ భాగంలో చెబుతాడు. క్రీ.శ. 62లో ఒక రోమన్ అధికారి చనిపోయి కొత్తవాడు ఇంకా దారిలో ఉండగా, ప్రధాన యాజకుడు అనన్ ఆ సందు చూసుకుని సభ పిలిచి, క్రీస్తు అనబడే యేసు సహోదరుడైన యాకోబునూ మరికొందరినీ రాళ్లతో కొట్టించి చంపించాడు. నగరంలో ధర్మశాస్త్రం పట్ల నిష్ఠ ఉన్నవారు అభ్యంతరం చెప్పారు. పదవిలోకి వచ్చిన మూడు నెలలకే అనన్ పదవి పోయింది. ఇక్కడ జోసీఫస్ కథ అనన్ దుందుడుకుతనం గురించి. యేసు పేరు వచ్చింది యాకోబు ఎవరో గుర్తుపట్టడానికి మాత్రమే. యేసు అనే పేరు ఆ కాలంలో ఎంత సామాన్యమంటే జోసీఫస్ గ్రంథాలలోనే ఆ పేరుగలవారు పదిమందికి పైగా కనిపిస్తారు, అందుకే ఫలానా యేసు అని చెప్పవలసి వచ్చింది. చేర్పు చేసే క్రైస్తవుడైతే 'క్రీస్తు అనబడే' అని దూరం పాటించడు, యాకోబు గొప్పతనం చెప్పకుండా వదిలిపెట్టడు. అన్నిటికంటే ముఖ్యంగా, క్రీ.శ. 37లో యెరూషలేములో యాజక కుటుంబంలో పుట్టిన జోసీఫస్ ఈ హత్య జరిగేనాటికి ఇరవై ఐదేళ్ల యువకుడు. రోముకు చేసిన ప్రయాణం ఆ తర్వాతిది. ఇది తన ఊళ్లో, తన వర్గంలో, తన కళ్ల ముందటి రోజుల్లో జరిగిన సంగతి. పౌలుతో ఏ సంబంధమూ లేని మనిషి, పౌలు చెప్పిన ఆ యాకోబునే, ఆ బంధుత్వంతోనే ఎరుగును.

సువార్తల విషయంలో నా మిత్రుల అనుమానం చాలావరకు సరైనదే. యేసు చనిపోయిన నలభై నుంచి డెబ్బై ఏళ్ల మధ్య, గ్రీకులో, ఆయనను ఎన్నడూ చూడని విశ్వాసులు రాసినవి అవి. అద్భుతాలతో నిండి ఉన్నాయి, ఒకదానితో ఒకటి పొసగవు. అయితే ఆ పొసగకపోవడంలోనే చరిత్రకారుడికి పని దొరుకుతుంది. మెస్సీయ దావీదు ఊరైన బేత్లెహేములో పుట్టాలి. మత్తయి, లూకా ఇద్దరూ యేసును అక్కడే పుట్టించారు, కానీ చెరొక దారిలో. మత్తయి ప్రకారం కుటుంబం ముందునుంచీ బేత్లెహేములోనే ఉంది. రాజైన హేరోదు భయంతో ఐగుప్తుకు పారిపోయి, తిరిగి వచ్చాక హేరోదు కొడుకు భయంతో నజరేతులో స్థిరపడింది. లూకా ప్రకారం కుటుంబం మొదటినుంచీ నజరేతుదే. రోమన్ అధికారి కురేనియు జరిపిన జనాభా లెక్కల కోసం బేత్లెహేముకు వెళ్లి, పని ముగించుకుని ఇంటికి వచ్చింది. హేరోదు చనిపోయినది క్రీ.పూ. 4లో, కురేనియు లెక్కలు జరిగినది క్రీ.శ. 6లో. రెండు కథలూ ఒకేసారి నిజం కాలేవు, నా అభిప్రాయంలో రెండూ నిజం కావు. కానీ ఇద్దరు రచయితలు విడివిడిగా ఇంత శ్రమ ఎందుకు పడ్డారు? నాయకుణ్ణి కల్పించుకునే స్వేచ్ఛే ఉంటే నేరుగా బేత్లెహేము యేసు అనేవారు. ఏ ప్రవచనంలోనూ లేని, యోహాను సువార్తలో నతనయేలు చులకన చేసిన, నజరేతు అనే ఊరు ఆయన పేరుకు అప్పటికే అతుక్కుని ఉంది. అందరికీ తెలిసిన ఆ సంగతిని దాటలేకనే వారు బేత్లెహేముకు దారులు వెతికారు.

బాప్తిస్మం సంగతీ ఇటువంటిదే. పాపక్షమాపణ కోసం యోహాను అనే ప్రవక్త ఇచ్చే బాప్తిస్మాన్ని యేసు తీసుకున్నాడని, సువార్తలలో మొదటిది రాసిన మార్కు ఏ సంకోచమూ లేకుండా చెప్పాడు. మత్తయికి అది చిక్కుగా తోచి, నేనే నీ చేత బాప్తిస్మం పొందాలి కదా అని యోహాను అభ్యంతరపడినట్లు చేర్చాడు. లూకా యోహాను చెరలో పడిన సంగతి ముందు చెప్పి, బాప్తిస్మాన్ని ఎవరిచ్చారో అనకుండా దాటించాడు. నాలుగవ సువార్తలో బాప్తిస్మమే కనిపించదు. పూర్వ రచయితకు ఇబ్బంది కానిది తర్వాతివారికి ఇబ్బంది అయింది కనుక, రచయితకు ఇబ్బందికరమైన సంగతి నిజమై ఉండాలనే ఈ ఒక్క కొలత మీదే అంతా నిలబెట్టలేమని నేనూ ఒప్పుకుంటాను. అయితే సిలువ విషయంలో ఆ అనుమానానికి కూడా చోటు లేదు. మాను మీద వేలాడదీయబడినవాడు శాపగ్రస్తుడని యూదుల ధర్మశాస్త్రం. సిలువ వేయబడిన మెస్సీయ యూదులకు అడ్డురాయి అనీ, అన్యులకు వెర్రితనమనీ పౌలే రాశాడు. రోమును గెలిచే రాజు కోసం ఎదురుచూస్తున్న జనానికి, రోము చేతిలో బానిసచావు చచ్చిన రాజును కల్పించి చూపించే ప్రచారకుడు ఉండడు. నాయకుడు నిజంగానే అలా చనిపోయాడు కనుక, ఆ చావుకు అర్థం వెతుక్కోవలసిన అవసరం వారికి వచ్చింది.

మిత్ర, ఐగుప్తు దేవుడు హోరస్ వంటి దేవతల కథలే యేసు కథకు మూలమనే వాదం మీద ఎక్కువసేపు నిలవను. రోమన్ మిత్ర పుట్టినది కన్య గర్భం నుంచి కాదు, రాతి నుంచి, అదీ యువకుడిగా. ఐసిస్ హోరస్‌ను గర్భం ధరించినది చనిపోయిన భర్త ఒసిరిస్ వల్ల. డిసెంబరు 25 అనే తేదీ ఏ సువార్తలోనూ లేదు, అది యేసు పుట్టినరోజుగా మొదట కనిపించేది క్రీ.శ. 354 నాటి రోమన్ పంచాంగంలో. మన దేశంలో ప్రచారంలో ఉన్న మరో కథ, యేసు యౌవనంలో భారతదేశానికి వచ్చి చదువుకున్నాడన్నది. దీన్ని 1894లో నికొలాయ్ నోటోవిచ్ అనే రష్యన్ యాత్రికుడు, లడఖ్‌లోని హెమిస్ బౌద్ధమఠంలో చూసిన గ్రంథం పేరు చెప్పి ప్రచురించాడు. మరుసటి సంవత్సరమే ఆగ్రా కళాశాల అధ్యాపకుడు ఆర్చిబాల్డ్ డగ్లస్ అక్కడికి వెళ్లి విచారించగా, అటువంటి గ్రంథమేదీ లేదని మఠాధిపతి చెప్పాడు. మనకు గర్వంగా అనిపించే కథ అయినా, ఆధారం లేనప్పుడు వదులుకోవలసిందే.

కథలు అల్లుకున్నంత మాత్రాన మనిషి లేకుండా పోడు. వేమన చుట్టూ ఎన్ని కట్టుకథలు లేవు? ఆయన కాలాన్ని పండితులు శతాబ్దాల తేడాతో నిర్ణయించారు, బ్రౌన్ సేకరించి 1829లో అచ్చువేసిన పద్యాలలో ఏవి ఆయనవో ఏవి ఇతరులవో ఇప్పటికీ తేలలేదు. అయినా వేమన లేడని మనం అనడం లేదు, ఆయనను దేవుడనీ అనడం లేదు.

విశ్వాసులైన పాఠకులకు కూడా ఒక మాట చెప్పాలి. ఇంతవరకు నేను చెప్పినదానిలో పునరుత్థానానికి ఏ రుజువూ లేదు. యేసు తమకు కనిపించాడని పేతురు, యాకోబు, పౌలు నమ్మారన్నది చరిత్ర. వారికి ఏమి కనిపించిందన్నది వేరే ప్రశ్న, దానికి చనిపోయినవాడు లేచాడన్న సమాధానాన్ని నేను అంగీకరించడం లేదు. చరిత్ర నాకు చూపించే యేసు బాప్తిస్మమిచ్చు యోహాను బోధకు ఆకర్షితుడైన యూదుడు, దేవుని రాజ్యం దగ్గరపడిందని గలిలయ పల్లెల్లో చెప్పినవాడు, పస్కా పండుగకు యెరూషలేము వెళ్లి దేవాలయంలో అలజడి రేపి ప్రాణం పోగొట్టుకున్నవాడు.

ఆ రాజ్యం ఎంత దగ్గరలో ఉందని ఆయన అనుకున్నాడో గమనిస్తే, చర్చికి నిజంగా కష్టమైన ప్రశ్న యేసు ఉన్నాడా లేడా అన్నది కాదని తెలుస్తుంది. ఇక్కడ నిలిచినవారిలో కొందరు దేవుని రాజ్యం రావడం చూసేదాకా చనిపోరని మార్కు తొమ్మిదవ అధ్యాయంలో యేసు అంటాడు. ఈ తరం గతించకముందే ఇవన్నీ జరుగుతాయని పదమూడవ అధ్యాయంలో మళ్లీ అంటాడు. ఇవి మార్కు కల్పించిన మాటలని కొట్టిపారేయడం కుదరదు, ఎందుకంటే అంతకు ఇరవై ఏళ్ల ముందే థెస్సలొనీకయులకు రాసిన మొదటి ఉత్తరంలో పౌలు, ప్రభువు మాటగా చెబుతున్నానంటూ, ఆయన వచ్చేవరకు సజీవులమై నిలిచి ఉండే మనము అని తనను కూడా కలుపుకున్నాడు. ఆ తరం గతించింది. రాజ్యం వెంటనే వస్తుందని జనం తలచారు కనుక యేసు ఒక ఉపమానం చెప్పాడని లూకా సర్ది చెప్పాడు. ఒక శిష్యుడు చనిపోడన్న మాట సహోదరుల్లో వ్యాపించిందనీ, యేసు అన్నది సరిగ్గా అది కాదనీ యోహాను సువార్త చివరి అధ్యాయం దిద్దుబాటు చేసింది. చివరికి పేతురు పేరుతో చాలాకాలం తర్వాత వచ్చిన రెండవ పత్రిక, ఆయన వస్తానన్న వాగ్దానం ఏమైందని అపహసించేవారికి, ప్రభువు దృష్టిలో ఒక దినం వెయ్యి సంవత్సరాలవంటిదని జవాబు ఇచ్చింది. ఇన్ని తరాలు ఇలా సర్ది చెప్పుకోవలసి వచ్చిందంటే, నజరేతు నుంచి వచ్చిన ఆ బోధకుడు నిజంగానే తన శిష్యుల ముందు నిలబడి, వారి జీవితకాలంలోనే లోకం మారిపోతుందని మాట ఇచ్చాడని నేను అనుకుంటున్నాను.